పది షిల్లింగుల పాఠము

మన డర్బన్ యువ గాయకులు ఈ మధ్య నన్ను తరచు ఒక ప్రశ్న అడుగుచున్నారు. తమ పాటలను ఇంటర్నెట్ ద్వారా లోకమునకు పంచవలెనన్న ఏ సంస్థను ఎన్నుకోవలెను అని. నేను సంగీత విద్వాంసుడను కాను. ఆదివారపు తరగతులలో తెలుగు నేర్చుకొన్న బడిపంతులును. కనుక నాకు తెలిసిన చరిత్ర నుండియే జవాబు చెప్పెదను.

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి కూలీలతో డర్బన్ రేవు చేరినది. అందులో తెలుగువారును ఉన్నారు. చెరకు తోటలలో మన పూర్వుల ఒప్పందము ఐదేండ్లు. మగవారికి మొదటి యేట జీతము నెలకు 10 షిల్లింగులు. ఆ కాగితములో ఏమి వ్రాసియున్నదో చదువుకొనగలిగినవారు బహు కొద్దిమంది.

ఆ పది షిల్లింగులే మరొక కథలోను కనబడును. నేటాలులో పుట్టిన జులూ గాయకుడు సోలమన్ లిండా 1939లో జొహన్నెస్‌బర్గ్‌లో ‘ఎంబూబె’ అను పాటను రికార్డు చేసినాడు. దాని హక్కులు 10 షిల్లింగులకు గాల్లో సంస్థ వశమైనవి. ఆ రాగమే 1961లో అమెరికాలో ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అను పేరుతో మారుమ్రోగినది. లిండా మరుసటి యేడే పేదరికములో కన్నుమూసినాడు. వ్యాజ్యము వేసి, 2006లో రాజీ కుదిరిన పిమ్మటనే ఆయన కుమార్తెలకు న్యాయము కొంత దొరికినది.

మా బాల్యములో భజన బృందములు క్యాసెట్టులు చేయించి గుడి ముంగిట అమ్ముకొనెడివి. డబ్బు ముందే పెట్టవలెను. అమ్ముడుపోనివి అట్టపెట్టెలో మూలన పడియుండెడివి. అయినను పాట మాత్రము మనదే.

1998లో అమెరికాలో డెరెక్ సివర్స్ అను సంగీతకారుడు తన రికార్డును తానే అమ్ముకొనుటకు సీడీ బేబీని ప్రారంభించినాడు. 2003లో ఐట్యూన్స్ దుకాణము, 2008లో స్పాటిఫై, బ్యాండ్‌క్యాంప్, 2013లో డిస్ట్రోకిడ్ వచ్చినవి. నేడు పెద్ద కంపెనీ దయ లేకయే మన పాట దేశదేశములకు పోగలదు. హక్కులను కూడ గాయకుడే ఉంచుకొనవచ్చును. అయితే ఒక్కొక్క దారికి ఒక్కొక్క షరతు కలదు.

సీడీ బేబీ ఒక్కసారి రుసుము తీసికొని, వచ్చిన ఆదాయములో 9 శాతము ఉంచుకొనును. డిస్ట్రోకిడ్‌కు ఏటేటా చందా కట్టవలెను. ఆదాయములో వాటా అడుగదు గాని, చందా ఆపిన పాట తొలగిపోవచ్చును. బ్యాండ్‌క్యాంప్‌లో వెల మనమే నిర్ణయించి నేరుగా శ్రోతకు అమ్ముకొందుము. డిజిటల్ అమ్మకములపై సాధారణముగా 15 శాతము వారిది. ఇక స్పాటిఫైలో 2024 నుండి, గడచిన పన్నెండు నెలలలో వేయిసార్లు వినబడని పాటకు ప్రతిఫలమే లేదు.

మన భజనలకు శ్రోతలు కొద్దిమంది. కావున నా సలహా ఇది. ఎక్కడెక్కడి తెలుగువారికో వినిపించుటకు పంపిణీ సంస్థ ఉపయోగపడును. నాలుగు రాండ్లు చేతికి వచ్చుటకు నేరుగా అమ్ముటయే మేలు. రెండును చేయవచ్చును. తరతరముల సంప్రదాయ గీతము ఎవరి సొత్తును కాదు. మీరు పాడిన రికార్డు మాత్రము మీది. సినిమా పాటలకు అనుమతి కావలెను. స్వంత రచనలను 1961 నుండి పనిచేయుచున్న సామ్రోలో నమోదు చేయుడు. పేరును ఎల్లప్పుడు ఒకే విధముగా వ్రాయుడు. మన నాయుడుగార్ల ఇంటిపేరు ఎన్ని స్పెల్లింగులలో ఉన్నదో మీకు తెలియనిది కాదు! స్పెల్లింగు మారినచో అక్కడ ఒక గాయకుడే ఇద్దరగును.

అన్నిటికంటె ముఖ్యము, ‘అంగీకరించితిని’ అను బొత్తాము నొక్కుటకు ముందు షరతులన్నియు చదువుడు. హక్కు ఎవరిది, ఎన్నాళ్లు, మానుకొనదలచిన దారి యేది అను మూడు ప్రశ్నలకు జవాబు దొరకనిచో నొక్కకుడు. మన పెద్దలకు ఆ కాగితము చదువుకొను భాగ్యము లేకపోయినది. వారి చెమట ఫలితముగా మనకు చదువు వచ్చినది. దానిని వాడుకొనుటయే వారికి మనము చేయు నమస్కారము.