షహరజాద్ కథలకు డాక్టరేట్

అల్లావుద్దీన్ అనగానే మన పెద్దవాళ్లకు 1957 నాటి సినిమాలో అక్కినేని గుర్తొస్తారు. వేయిన్నొక్క రాత్రుల కథలు మనకు అంత దగ్గరివి. పుట్టినింట మాత్రం వాటికి చాలాకాలం మర్యాద దక్కలేదు. కాఫీ దుకాణాల్లో కథకులు చెప్పుకునే కాలక్షేపం, భాష శుద్ధమైనది కాదు అని అరబ్బీ పండితులు వాటిని పక్కన పెట్టారు. ఆ కథల మీద 1941లో కైరోలో డాక్టరేట్ సాధించారు సుహైర్ అల్ ఖలమావీ.

ఆమె 1911లో కైరోలో పుట్టారు. తండ్రి డాక్టరు. తనూ వైద్యమే చదవాలనుకున్నారు, కుదరలేదు. చూపులేని మహాపండితుడు తాహా హుసేన్ ఆమెను అరబ్బీ సాహిత్యం వైపు మళ్లించారు. ఆడపిల్లలకు కైరో విశ్వవిద్యాలయం తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. తరగతిలో పద్నాలుగు మంది మగపిల్లలు, ఆమె ఒక్కరే అమ్మాయి. అదే విశ్వవిద్యాలయంలో 1936లో తొలి మహిళా అధ్యాపకురాలయ్యారు.

అంతకు ఏడాది ముందే ‘అహాదీస్ జద్దతీ’, అంటే ‘మా జద్ద కబుర్లు’, అనే కథల పుస్తకం వేశారు. అరబ్బీలో ‘జద్ద’ అంటే అమ్మమ్మా కావచ్చు, నాయనమ్మా కావచ్చు. తన కాలం ఎలా మారిపోయిందో ఒక ముసలమ్మ మనవరాలికి చెప్పుకొస్తుంది. ఆ పుస్తకాన్నీ, తర్వాతి పరిశోధననూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో కథ చెప్పే ముసలమ్మ నుంచి, వేయిన్నొక్క రాత్రుల్లో ప్రాణం కాపాడుకోవడానికి రాత్రికో కథ అల్లిన షహరజాద్ దాకా, ఆడవాళ్ల నోటి మాటను సాహిత్యంగా నిలబెట్టారామె. మగ పండితులు గీసిన గీతలో ఒదిగిపోకుండా ఆ గీతనే జరిపారు. ఆమె పదవులకన్నా నేను దీన్నే పెద్దగా చూస్తాను.

పదవులూ తక్కువేం కాదు. 1958 నుంచి 1967 దాకా కైరో విశ్వవిద్యాలయ అరబ్బీ శాఖకు ఆమే అధిపతి. ఆ తర్వాత ప్రభుత్వ ప్రచురణ సంస్థ బాధ్యత తీసుకున్నారు. కైరో నగరానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంగా 1969లో మొదలైన అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన ఆమె చేతుల మీదుగానే రూపు దిద్దుకుంది.

ఈ దారిలో ఆమె ఒంటరి కాదు. దమియత్తా ఊరి ఆయిషా అబ్దుల్ రహమాన్‌ను బడికి పంపడం తండ్రికి ఇష్టం లేదు. తల్లి పట్టుబట్టి చదివించింది. తండ్రి కంటపడకుండా ‘బింత్ అల్ షాతీ’, అంటే తీరం కూతురు, అనే కలం పేరుతో రాసిన ఆమె ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయంలో అరబ్బీ ఆచార్యురాలయ్యారు. ఖురాన్‌కు సాహిత్య దృష్టితో వ్యాఖ్యానం రాశారు.

ఖలమావీ 1997లో కన్నుమూశారు. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ అరబ్బీ చదువుకున్న తెలుగు పిల్లలున్నారు. వాళ్లలో ఎవరైనా పూనుకుని ఆ ముసలమ్మ కబుర్లను, మధ్యలో ఇంగ్లిష్ లేకుండా, నేరుగా అరబ్బీ నుంచి మన భాషలోకి తేవాలి.