కావలి

ఫోన్‌లో ఏదైనా యాప్ కెమెరా అడిగితే తెలుగు తెర అనుమతి గురించి అడుగుతుంది. అక్కడ ఆ మాట సరిపోయింది. ‘అను’ ఉపసర్గకు ‘మన్’ ధాతువు చేరి పుట్టిన అనుమతికి మూలార్థం సమ్మతి. యునిక్స్‌లో తన ఫైలును ఎవరు చదవాలో, ఎవరు రాయాలో, ఎవరు నడపాలో యజమాని చెప్పేదీ సమ్మతే. కానీ 2003లో లినక్స్ 2.6 కెర్నల్‌తో వచ్చిన ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ తీరు వేరు: యజమాని సరేనన్నాక కూడా తన భద్రతా విధానాన్ని (పాలసీని) చూస్తుంది, అది ఒప్పుకోకపోతే రూట్ హోదాలో నడిచే ప్రోగ్రామునైనా ఆపేస్తుంది. దీన్నీ అనుమతి అంటే రెండు వేర్వేరు అధికారాలు ఒకటిగా కలిసిపోతాయి. దీనికి తగిన మాట కావలి. కాచు, కాపు, కాపరి దాని చుట్టాలే. తమిళంలో కావల్, హిందూపురం పొలిమేర దాటితే కన్నడంలో కావలు. ఒకప్పుడు పెనుకొండ, ధర్మవరం సీమల్లో కావలి అంటే ఉత్త కాపలా కాదు, ఒక హక్కూ బాధ్యతా: పాళెగాడు ఊళ్ల నుంచి కావలి రుసుము తీసుకునేవాడు, దొంగతనం జరిగితే సొత్తు రాబట్టాలి, లేదా నష్టం కట్టాల్సి వచ్చేది. ఆ కావలే దోపిడీ అయింది కదా, 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చాక కలెక్టర్ మన్రో పాళెగాళ్లను అణచలేదా అనవచ్చు. నిజమే, కానీ అక్కడ చెడింది మాట కాదు, కావలిదారుపై అదుపు లేకపోవడం. ఎస్‌ఈలినక్స్‌లో నియమాలన్నీ ముందే రాసి ఉంటాయి; ఎవరిని ఏ ఫైలు దగ్గర ఆపిందో సాధారణంగా లాగ్‌లో నమోదవుతుంది.