రెండు చుక్కల వెనుక: పోలియో నిర్మూలన చరిత్ర

పోలియో వైరస్ నోటి ద్వారా ఒంట్లోకి చేరి పేగుల్లో పెరుగుతుంది. మలంతో బయటపడి, కలుషితమైన నీటి ద్వారా, చేతుల ద్వారా మరొకరికి సోకుతుంది. సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రం వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని, కాలో చెయ్యో శాశ్వతంగా చచ్చుబడుతుంది. ఊపిరి తీసే కండరాలు పడిపోతే ప్రాణమే పోవచ్చు. ఒక బిడ్డకు కాలు పడిపోయిందని తెలిసేసరికి చుట్టుపక్కల వందలమందికి వైరస్ చేరిపోయి ఉంటుంది. దీన్ని తుదముట్టించడం అంత కష్టం కావడానికి అసలు కారణం ఇదే.

1916లో ఒక్క న్యూయార్క్ నగరంలోనే పోలియోతో 2,000 మందికి పైగా చనిపోయారు. 1952లో అమెరికాలో 57,000 మందికి పైగా జబ్బుపడ్డారు. అదే ఏడాది కోపెన్‌హేగన్‌లో కృత్రిమ శ్వాస యంత్రాలు చాలక, డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సూచనతో వైద్య విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు రబ్బరు సంచులను చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. నేటి ఐసీయూలు అక్కడి నుంచే పుట్టాయి. 1955లో జోనాస్ సాల్క్ తయారుచేసిన ఇంజెక్షన్, ఆ తర్వాత ఆల్బర్ట్ సేబిన్ చుక్కల మందు రావడంతో సంపన్న దేశాలు కొన్నేళ్లలోనే ఆ భయం నుంచి బయటపడ్డాయి.

పేద దేశాలకు ఆ ఊరట చాలా ఆలస్యంగా దక్కింది. బిడ్డకు జ్వరమొస్తే సూది వేయించామని, ఆ తర్వాతే కాలు పడిపోయిందని చెప్పుకునే కుటుంబాలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. వారి అనుమానాన్ని కొట్టిపారేయడం అన్యాయం. అప్పటికే వైరస్ ఉన్న ఒంట్లో కండరానికి ఇంజెక్షన్ ఇస్తే, ఆ అవయవం చచ్చుబడే ముప్పు పెరుగుతుందని వైద్య పరిశోధనల్లో తేలింది. ఆ పిల్లలు కాలిపర్లతో, చేతికర్రలతో, కొందరు నేలమీద పాకుతూ పెరిగారు. శస్త్రచికిత్స చేస్తే వారిలో చాలామంది లేచి నిలబడగలరు. విశాఖపట్నం ఎముకల వైద్యుడు సుంకర వెంకట ఆదినారాయణరావు శిబిరాలు పెట్టి ఆ పనికే జీవితాన్ని అంకితం చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

1988లో ప్రపంచ ఆరోగ్య సభ పోలియో నిర్మూలనకు తీర్మానించింది. అప్పటికి ఏటా సుమారు 3,50,000 మంది దీని బారిన పడుతున్నారని అంచనా. భారత్‌లో 1995 డిసెంబరులో పిల్లలందరికీ ఒకేసారి చుక్కల మందు వేసే పల్స్ పోలియో కార్యక్రమం మొదలైంది. అయినా పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనూ, బిహార్‌లోని కోసి నది ముంపు ప్రాంతాల్లోనూ వైరస్ లొంగలేదు. విరేచనాలు, పోషకాహార లోపం ఉన్నచోట చుక్కలు సరిగా పనిచేయలేదు. పలుమార్లు మందు వేయించుకున్న పిల్లలకూ జబ్బు వచ్చింది. మందు వెనుక కుట్ర ఉందన్న వదంతులూ తోడయ్యాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, పిల్లలందరికీ మందు పడిన ఇంటి గోడపై ‘పి’ అని, మిగిలిపోయిన ఇంటిపై ‘ఎక్స్’ అని సుద్దతో రాసేవారు. ‘ఎక్స్’ పడిన గుమ్మానికి మళ్లీ మళ్లీ వెళ్లేవారు. మసీదుల పెద్దలు ముందుకొచ్చి ఆ వదంతులు నమ్మవద్దని నచ్చజెప్పారు. విజయంలో పెద్ద వాటా ఈ కార్యకర్తలదే. వారిలో ఎక్కువమంది మహిళలు. పోలియో వైరస్ మూడు రకాల్లో రెండింటిపై గట్టిగా పనిచేసే కొత్త చుక్కల మందు 2010లో వచ్చింది. 2009లో 741గా ఉన్న కేసులు 2010లో 42కు పడిపోయాయి. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమబెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు.

చుక్కల మందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. టీకా అందరికీ అందని చోట అది మనిషి నుంచి మనిషికి పాకుతూ, అరుదుగా మారిపోయి తిరిగి జబ్బు కలిగించగలదు. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో అటువంటి వైరస్ కనబడగానే, ఒక్క కేసూ రాకముందే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రకృతిలోని మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండు అంతరించాయని ధ్రువీకరించారు. మిగిలిన ఒకటో రకం అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌లలో ఇంకా వ్యాపిస్తోంది. అందుకే భారత్‌లో పల్స్ పోలియో ఇప్పటికీ ఆగలేదు.