భారతదేశంలో ఆర్కిటెక్టు చదువు, అర్హతల చరిత్ర

భారతదేశంలో ఆర్కిటెక్టుగా గుర్తింపు పొందాలంటే ఐదేళ్ల బి.ఆర్క్. పూర్తిచేసి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టంతో ఈ పద్ధతి స్థిరపడింది. అంతకుముందు ఆర్కిటెక్టునని ఎవరు బోర్డు పెట్టుకున్నా అడ్డుచెప్పే కేంద్ర చట్టం లేదు.

తొలి దశ

ఆలయాలు కట్టిన స్థపతుల విద్య గురువు దగ్గర పనిచేస్తూ, తరతరాలుగా సాగింది. మయమతం, మానసారం వంటి శాస్త్ర గ్రంథాలు దానికి ఆధారం. బ్రిటిష్ పాలనలో ప్రభుత్వ భవనాల పని ప్రజాపనుల శాఖ ఇంజనీర్ల చేతికి వెళ్లింది. వారికి నక్షాలు గీసిపెట్టే డ్రాఫ్ట్స్‌మన్లు అవసరమయ్యారు. 1857లో ఏర్పడిన బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో ఆ శతాబ్దం చివర ఇందుకోసం తరగతులు మొదలయ్యాయి. 1913 నాటికి అక్కడ ఆర్కిటెక్చర్ శాఖ ఏర్పడింది. తర్వాత దాన్ని నడిపిన క్లాడ్ బాట్లీ విద్యార్థులచేత పాత కట్టడాలను కొలిపించి ప్లాన్లు, సెక్షన్లు (నిలువుకోత చిత్రాలు) గీయించేవారు. ఆ కొలతల చిత్రాలు 1934లో పుస్తకంగా వచ్చాయి. ఆ పాఠశాల పూర్వ విద్యార్థులు 1917లో పెట్టుకున్న సంఘమే 1929లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ అయింది.

స్వాతంత్ర్యం తర్వాత

ఖరగ్‌పూర్ ఐఐటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, 1962లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశీ ప్రారంభించిన అహ్మదాబాద్ ఆర్కిటెక్చర్ పాఠశాల ఈ చదువును విస్తరించాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లలితకళలు, ఆర్కిటెక్చర్ కళాశాల 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ)లో కలిసి, 2008లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే వేరే విశ్వవిద్యాలయంగా విడిపోయింది. అదే ఏడాది విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మొదలైంది. 2014 చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్య సంస్థగా గుర్తించింది.

శిక్షణ

ఇంటర్‌లోగానీ, మూడేళ్ల డిప్లొమాలోగానీ గణితం చదివినవారు 2006లో మొదలైన నాటా అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా, లేదా జేఈఈలోని ప్రత్యేక పేపరు ద్వారా ప్రవేశం పొందుతారు. చదువుకు గుండెకాయ డిజైన్ స్టూడియో. విద్యార్థి షీట్లు గోడకు అంటించి, మోడల్ ముందు పెట్టుకుని నిలబడితే, బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్టులు, అధ్యాపకులు కలిసిన జ్యూరీ ప్రశ్నలు వేస్తుంది. మెట్లు ఎక్కడ దిగుతాయి, పడమటి ఎండను ఎలా ఆపావు, వాననీరు ఎటు పోతుంది అని అడుగుతారు. జవాబు మాటల్లో చెబితే చాలదు, సెక్షన్‌లో కనబడాలి. ఆపై ఆర్కిటెక్టు ఆఫీసులో ప్రాక్టికల్ ట్రైనింగ్, చివర థీసిస్ ఉంటాయి.

అమెరికాలో చదువు తర్వాత 3,740 గంటల అనుభవం, ఆరు భాగాల లైసెన్సు పరీక్ష సాధారణ మార్గం. భారతదేశంలో మాత్రం పట్టా తర్వాత వేరే పరీక్ష లేదు. గుర్తింపు ఉన్న కళాశాల పట్టా చూపి నమోదు చేసుకుంటే ‘సీఏ’తో మొదలయ్యే సంఖ్య వస్తుంది.

చట్టం పరిధి

నమోదు లేకుండా ఆర్కిటెక్టు అన్న బిరుదు వాడితే మొదటిసారి 500 రూపాయల వరకు జరిమానా పడుతుంది. మళ్లీ అదే తప్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు శిక్షకూ వీలుంది. అయితే ఈ నిషేధం బిరుదుకే వర్తిస్తుందనీ, భవనాలకు డిజైన్లు గీసే పనికి కాదనీ 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల ఇంజనీర్లు, ఇతరులు ఇళ్ల ప్లాన్లు గీయడాన్ని ఈ చట్టం అడ్డుకోదు. ఏ ప్లానుపై ఎవరి సంతకం చెల్లుతుందన్నది స్థానిక భవన నిర్మాణ నిబంధనలను బట్టి ఉంటుంది.