దరఖాస్తుకు ముందే జరిగే వడపోత

పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్లు ఎవరికి దక్కాయన్న లెక్కతోనే సమానావకాశాల చర్చ మొదలై, చాలాసార్లు అక్కడే ముగుస్తుంది. అర్హత ఉండీ దరఖాస్తు పెట్టనివాళ్లు ఆ లెక్కలోకే రారు. బడి ప్రభావం అందరికంటే ఎక్కువగా పడేది వాళ్ల మీదేనని ఈ వ్యాసం వాదన.

బ్రిటన్‌లో విద్యావకాశాల అసమానతలపై పనిచేసే సటన్ ట్రస్ట్ 2018 నివేదిక ప్రకారం మూడేళ్లలో కేవలం ఎనిమిది విద్యాసంస్థల నుంచి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో 1,310 మందికి సీట్లు వచ్చాయి. అదే కాలంలో ఇద్దరికి మించి సీటు రాని బడులు 2,894. వాటన్నిటికీ కలిపి దక్కినవి 1,220. ఈ తేడాలో మార్కుల వాటా ఉంది, కాదనలేం. కానీ ఈ రెండు చోట్ల దరఖాస్తు గడువు మిగతా విశ్వవిద్యాలయాల కంటే ముందే, అక్టోబరు మధ్యలోనే ముగుస్తుంది. రెండింటిలో ఒకదానికే దరఖాస్తు పెట్టాలి. రాబోయే గ్రేడ్లను ఉపాధ్యాయులే అంచనా కట్టాలి, సిఫారసు లేఖ రాయాలి. ఏటా పదుల సంఖ్యలో విద్యార్థులను పంపే బడికి ఇదంతా అలవాటైన పని. ఎప్పుడో ఒకరిని పంపే బడిలో ఆ గడువు గుర్తుచేసే మనిషి ఉండటమే అదృష్టం.

అర్హులు దరఖాస్తు పెట్టకపోవడంలో ధైర్యం లేకపోవడం ఎంత, సమాచారం లేకపోవడం ఎంత? మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2015లో మొదలైన ప్రయోగం ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది. ఆర్థికవేత్త సూజన్ డైనార్‌స్కీ బృందం ఆ రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో బాగా చదివే పేద విద్యార్థులను ఎంచుకుంది. బడులను లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక వర్గం బడుల్లోని విద్యార్థులకు ఉత్తరాలు పంపింది. సీటు వస్తే నాలుగేళ్ల ఫీజు ఉండదు, ఆదాయ పత్రాలూ అక్కర్లేదు అన్నది అందులోని హామీ. తల్లిదండ్రులకూ, ప్రిన్సిపాళ్లకూ కబురు వెళ్లింది. ఉత్తరం అందనివారిలో 26 శాతం దరఖాస్తు చేస్తే, అందినవారిలో 68 శాతం చేశారు. చేరినవారు వరుసగా 13, 27 శాతం. గమనించాల్సిందేమిటంటే, అలాంటి విద్యార్థుల్లో చాలామందికి ఆ విశ్వవిద్యాలయం అప్పటికే దాదాపు అంత సాయమూ చేస్తోంది. మారింది డబ్బు కాదు, ముందస్తు భరోసా. సంపన్న బడుల్లో ఈ భరోసా ఉత్తరం అవసరం లేకుండానే దొరుకుతుంది.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి ఉదాహరణ 2008లో ఏర్పడ్డ రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ), జనం నోట ట్రిపుల్ ఐటీ. పదో తరగతి ఫలితాల ఆధారంగా ప్రవేశాలిచ్చే ఈ సంస్థ, హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపింది. బడి వెనుకబాటుకు అంకెల్లో విలువ కట్టిన సాహసం అది. అయితే ఆ 0.4 కలిసేది దరఖాస్తు చేరిన తర్వాతే. మండలానికి ఎందరు అర్హులున్నారు, ఏ హైస్కూలు నుంచి ఒక్క దరఖాస్తూ రాలేదు, అక్కడ ప్రధానోపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉందా అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ విధానం ఎవరిని చేరలేదో తేలదు.