నార్వే

ఉత్తర ఐరోపాలో స్కాండినేవియా ద్వీపకల్పం పడమటి అంచున ఉన్న రాజ్యం. రాజధాని ఓస్లో. తూర్పున స్వీడన్, ఈశాన్యాన ఫిన్లాండ్, రష్యా సరిహద్దులు. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులతో కలిపి వైశాల్యం సుమారు 3,85,000 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 55 లక్షలు.

దేశంలో ఎక్కువ భాగం కొండలే; సాగుకు పనికొచ్చే నేల నూటికి మూడు పాళ్లు. హిమానీనదాలు తొలిచిన లోయల్లోకి సముద్రం చొరబడి ఏర్పడిన ఫియర్డ్‌లు పడమటి తీరం పొడవునా కనిపిస్తాయి. వాటిలో అతి పెద్దదైన సోగ్నె ఫియర్డ్ 200 కిలోమీటర్లకు పైగా లోపలికి సాగుతుంది, లోతు 1,300 మీటర్ల దాకా ఉంటుంది. అత్యున్నత శిఖరం గాల్‌హోపిగ్గెన్ (2,469 మీటర్లు). అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం పుణ్యమా అని ఉత్తరాది రేవులు కూడా చలికాలంలో గడ్డకట్టవు. ఉత్తర కొసన ఉన్న నార్త్ కేప్‌లో మే మధ్య నుంచి జూలై చివరి వరకూ సూర్యుడు అస్తమించడు.

వైకింగుల కాలం నాటి స్వతంత్ర రాజ్యం 1349 నాటి ప్లేగుతో చితికిపోయింది. 1397లో డెన్మార్క్, స్వీడన్‌లతో కలిసి కల్మార్ కూటమిలో చేరి, ఆ తర్వాత 1814 వరకు డెన్మార్క్ రాజుల ఏలుబడిలో ఉండిపోయింది.

ఆధునిక నార్వే కథ 1814తో మొదలవుతుంది. నెపోలియన్ పక్షాన నిలిచి ఓడిన డెన్మార్క్, జనవరి 14న కీల్ ఒప్పందంతో నార్వేను స్వీడన్ రాజుకు అప్పగించింది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, ఫారో దీవులను మాత్రం తనకే అట్టిపెట్టుకుంది. ఈ అప్పగింతను నార్వేజియన్లు ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో 112 మంది ప్రతినిధులు ఐడ్స్‌వోల్‌లో సమావేశమై, ఐదు వారాలు దాటగానే మే 17న రాజ్యాంగంపై సంతకాలు చేశారు. డెన్మార్క్ యువరాజు క్రిస్టియన్ ఫ్రెడరిక్‌ను రాజుగా ఎన్నుకున్నారు. ఆ కాలానికి ఎంతో ఉదారమైన ఈ రాజ్యాంగమే యూదులకు దేశ ప్రవేశం నిషేధించింది. ఆ నిబంధన 1851లో గానీ తొలగలేదు. వేసవిలో జరిగిన చిన్న యుద్ధంలో స్వీడన్‌ది పైచేయి అయింది. అయినా నార్వే తన రాజ్యాంగాన్నీ, స్టోర్టింగ్ అనే పార్లమెంటునూ నిలుపుకుని, స్వీడన్ రాజును మాత్రమే అంగీకరించింది.

స్వీడన్‌తో ఈ కూటమి 91 ఏళ్లు నడిచింది. 1884లో రాజు ఆస్కార్-2 స్టోర్టింగ్ మెజారిటీకి తలొగ్గి యోహాన్ స్వెర్‌డ్రూప్‌ను ప్రధానిగా నియమించాడు. విదేశాంగం మాత్రం స్వీడన్ చేతిలోనే ఉండిపోయింది. వాణిజ్య నౌకలతో ప్రపంచమంతా తిరిగే నార్వే తన సొంత కాన్సల్‌లను కోరింది. అందుకోసం స్టోర్టింగ్ చేసిన చట్టాన్ని ఆస్కార్ తిరస్కరించగా క్రిస్టియన్ మిషెల్సెన్ ప్రభుత్వం రాజీనామా చేసింది. మరో ప్రభుత్వాన్ని రాజు ఏర్పరచలేకపోయాడు. 1905 జూన్ 7న స్టోర్టింగ్ కూటమి రద్దయిందని ప్రకటించింది. ఆగస్టు ప్రజాభిప్రాయ సేకరణలో రద్దుకు 3,68,208 మంది ఓటేయగా, వ్యతిరేకించినవారు 184 మందే. ఓటు హక్కు లేని స్త్రీలు రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి మద్దతు తెలిపారు. నవంబరులో మరో ఓటింగ్‌లో రాచరికమే గెలిచి, డెన్మార్క్ యువరాజు కార్ల్ హాకోన్-7 పేరుతో రాజయ్యాడు. స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో పూర్తి ఓటు హక్కు 1913లో వచ్చింది.

1940లో జర్మనీ దండెత్తినప్పుడు, నాజీ అనుకూల నేత క్విస్లింగ్‌ను ప్రధానిగా నియమించడానికి హాకోన్ దృఢంగా నిరాకరించి, లండన్ నుంచి ప్రవాస ప్రభుత్వంతో పోరాటం సాగించాడు. నార్వే 1949లో నాటోలో చేరింది. 1972లోనూ 1994లోనూ ఐరోపా కూటమి సభ్యత్వాన్ని ఓటర్లు తిరస్కరించారు. 1969లో ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్‌లో చమురు బయటపడింది. ఆ రాబడిని భావి తరాలకు దాచే నిధికి 1990లో చట్టం చేశారు.

నార్వేజియన్ భాషకు బూక్మోల్, నీనోర్స్క్ అనే రెండు అధికారిక లిఖిత రూపాలున్నాయి. ఉత్తరాన తరతరాలుగా ఉంటున్న సామీ ప్రజలను బడుల ద్వారా నార్వేజియన్లుగా మార్చే విధానం చాలాకాలం సాగింది. ఆల్టా నదిపై ఆనకట్టకు వ్యతిరేకంగా 1980 ప్రాంతంలో సామీలు పాల్గొన్న ఆందోళనల తర్వాత, 1989లో కారస్యోక్‌లో సామీ పార్లమెంటు ఏర్పడింది.

నేటి స్టోర్టింగ్‌లో 169 మంది సభ్యులు. పదవీకాలం నాలుగేళ్లు; మధ్యలో సభను రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. కార్యనిర్వహణ ప్రధాని, మంత్రివర్గాలది, రాజు రాజ్యాధినేత. 1814 రాజ్యాంగమే నేటికీ అమల్లో ఉంది. 2014లో దానికి మానవ హక్కుల అధ్యాయం చేర్చారు.