మూడు గంపల లెక్క

పెళ్లయిన కొత్తల్లో నాకు రెండు తలుపుల ఫ్రిజ్ ఉందని ఎంత గర్వమో! పుట్టింటివాళ్లు ఇచ్చింది మరి. పాడయ్యే వస్తువేదైనా సరే, అందులో పెడితే చిరంజీవి అయిపోతుందని నా నమ్మకం. ఆ నమ్మకం కాస్తా ఓ గంపెడు సీతాఫలాలతో పోయింది.

మా అత్తగారి ఊరు తాడ్వాయి. అనగానే మేడారం జాతర దగ్గరి ఊరనుకునేరు, అది వేరు. ఇది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉంటుంది. అప్పుడు నిజామాబాదు జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఆ ఏడు బతుకమ్మ పండుగ వెళ్లగానే మా అత్తమ్మ గట్ల వెంట తిరిగి, చేతులు గీరుకుపోయేలా కాయలు కోసి, గంపకెత్తి హైదరాబాదు బస్సులో పంపింది. నేను మురిసిపోయి, కాయలన్నీ ఫ్రిజ్‌లో సర్దేశాను. మూడో రోజు చూద్దును గదా, బొగ్గుల్లా నల్లబడ్డాయి. బయట పెడితే పండుతాయేమోనని ఆశపడ్డాను. పండలేదు సరికదా, అలాగే కుళ్లిపోయాయి. గుట్టుచప్పుడు కాకుండా పారేశాను.

"ఎట్లున్నయి బిడ్డా పండ్లు?" అని అత్తమ్మ ఫోనులో అడిగితే, "చక్కెరే అత్తమ్మా!" అని అబద్ధమాడాను.

మరుసటి ఏడు ఆవిడే గంపతో సహా దిగింది. నేను అలవాటుగా ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశానో లేదో, "అండ్ల వెట్టకు బిడ్డా. పోయినేడు నల్లగైనయి గదా" అంది. నా గుండె జారిపోయింది. మా వారు ఎప్పుడో నోరు జారారట. ఏడాదిపాటు ఆ మాట కడుపులో దాచుకుని ఒక్క ముక్క అనలేదు మహాతల్లి!

తర్వాత నేల మీద పాత చీర పరిచి కాయలన్నీ పోసింది. నాలాగా నొక్కి చూడలేదు, కళ్లతోనే చూసింది. కన్నుల మధ్య సందులు బాగా విచ్చి పసుపు తేలినవి ఒక గంపలోకి వెళ్లాయి. కొద్దిగా విచ్చినవి రెండో గంపలోకి. ఇంకా బిగుసుకుని ఉన్నవి మూడో గంపలోకి. మొదటి గంపలో వరిగడ్డి వేసి వంటింట్లో ఉంచింది. రెండోదాన్ని గోనెపట్టా కప్పి గదిలో పెట్టింది. మూడోదాన్ని మాత్రం వాటికి దూరంగా, గాలి ఆడే వరండాలో, వెడల్పు కుండలో తడి ఇసుక పోసి దాని మీద ఆనించింది.

"పండును ఆపలేం బిడ్డా, కాయనే ఆపాలె. పండు పక్కన కాయ వెట్టినవంటె దాన్ని గూడ పండిస్తది" అంది.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని గదా, ఈ మాట ఎంతవరకు నిజమో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. చదివేకొద్దీ నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మా అత్తమ్మ ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని తేల్చడానికి శాస్త్రజ్ఞులకు ముప్పై ఏళ్ల పైనే పట్టింది.

పూర్వం ఐరోపా పట్టణాల్లో వీధి దీపాలకు గ్యాసు వాడేవారు. ఆ గ్యాసు కారినచోట చెట్ల ఆకులు రాలిపోయేవి. దానికి కారణం గ్యాసులోని ఇథిలీన్ అని 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే ఆయన తేల్చాడు. 1910లో జమైకాలో కజిన్స్ అనే ఆయన, ఓడల్లో అరటి గెలల దగ్గర నారింజలు పెట్టవద్దని, పెడితే అరటి ముందే పండిపోతోందని రాశాడు. పండే పండు తనంతట తానే ఇథిలీన్ వదులుతుందని 1934లో ఇంగ్లండులో గేన్ నిరూపించాడు. ఒక పండు వదిలిన ఆ వాయువే పక్క కాయను తొందరపెడుతుందన్నమాట. మనవాళ్లు అరటి గెలలకు పొగబెట్టేది ఎందుకనుకున్నారు? ఆ పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. నెల్యుబోవ్, కజిన్స్, గేన్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. మా అత్తమ్మ పేరు రేషన్ కార్డుకెక్కింది, అంతే!

మరి చల్లదనం మాటేమిటంటారా? దానికీ పెద్ద కథే ఉంది. 1833లో బోస్టను నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుగడ్డ వేసుకుని బయలుదేరింది. నాలుగు నెలలకు కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. తర్వాతి ఓడల్లో ఆ మంచుతోపాటు అమెరికా ఆపిల్ పండ్లూ వచ్చాయి. మద్రాసు సముద్రపుటొడ్డున ఐస్‌హౌస్ కట్టింది ఈ మంచు దాచడానికే. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం ఇప్పుడు ఆయన పేరనే ఉంది. మన దేశంలో ఇంటి ఫ్రిజ్‌లు తయారవడం 1958లో గోద్రెజ్‌తో మొదలైంది.

ఆపిల్ చలిదేశపు పండు, మంచును ఓర్చుకుంటుంది. సీతాఫలం అలా కాదు. పేరులో సీతమ్మను చేర్చుకున్నాం గాని, ఇది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల చెట్టు. పోర్చుగీసువారి కాలంలో మన దేశానికి వచ్చిందని ఎక్కువమంది అంటారు. భర్హుత్ శిల్పాల్లోనే ఇది కనిపిస్తుందని 19వ శతాబ్దంలో కన్నింగ్‌హాం వాదించాడు. ఎప్పుడొచ్చినా దాని ఒళ్లు మాత్రం వేడికే అలవాటు పడింది. సుమారు 13 డిగ్రీలకన్నా తగ్గితే పచ్చికాయ లోపల దెబ్బతింటుంది, తోలు నల్లబడుతుంది. మన ఫ్రిజ్‌లో ఉండేదేమో నాలుగైదు డిగ్రీలు!

పోనీ వండి నిలవ చేద్దామా? మామిడిపండు రసం ఎండబెడితే తాండ్ర అవుతుంది. సీతాఫలం గుజ్జు పొయ్యి మీద కాగిందంటే చేదెక్కుతుంది. చలి పడదు, మంట పడదు. ఇక మిగిలింది మూడు గంపల లెక్క ఒక్కటే.

ఆ తడి ఇసుకను కూడా తక్కువగా చూడకండి. 1980లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు కరెంటు అక్కర్లేని చల్లని గది ఒకటి రూపొందించారు. రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్య సందులో ఇసుక పోసి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లడమే. తడి ఆరుతూ వేడిని లాగేసుకుంటుంది. ఎండాకాలంలో బయటికన్నా లోపల పదీ పదిహేను డిగ్రీలు తక్కువ ఉంటుంది. కూరలు, పండ్లు వాడిపోకుండా ఎక్కువ రోజులు నిలుస్తాయి.

అయితే ఈ లెక్కలో ఇంకో భాగం ఉంది. అది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ రోజు సాయంత్రానికి మొదటి గంపలో పదిహేను పండ్లు మెత్తబడ్డాయి. మేం ముగ్గురం ఎన్ని తింటాం? గింజలు తీసి గుజ్జు మాత్రం మూత డబ్బాలో పెడితే ఫ్రిజ్ ఒకటి రెండు రోజులు కాపాడుతుంది, అంతవరకు దాని సాయం తీసుకోవచ్చు. కానీ అత్తమ్మ నా చేతికి పళ్లెం ఇచ్చి, "పండినయి ఇయ్యాల్నే వోవాలె, పక్కింటోళ్లకు ఇచ్చిరా" అంది. రెండేళ్లుగా కాపురం ఉంటున్నా ఆ పక్కింటి తలుపు నేను ఒక్కసారీ తట్టలేదు. ఆ సాయంత్రం తట్టాను. నిరుడు నేను ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ మా ఇంటికి అన్నం వచ్చింది ఆ తలుపులోంచే.

ఇప్పుడు అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. గట్లెక్కలేదు. గంప మాత్రం ఎవరో ఒకరి చేత పంపిస్తూనే ఉంది. ఈ ఏడూ ఫోను చేసింది.

"ఎట్లున్నయి బిడ్డా?"

"మొదటి గంప పంచేసినం అత్తమ్మా. రెండోది రేపటికి మెత్తబడుతుంది."

"మూడోది?"

"వరండాలో ఇసుక మీద ఉంది. దసరా సెలవులకు మీ మనవరాలు హాస్టలు నుంచి వచ్చేదాకా ఆపిపెట్టిన."

ఈసారి అబద్ధం కాదు.